చచ్చిన కౌబాయ్ నవ్వాలి

ఫిబ్రవరి 3

ఈయనకి హీరో వేషం వచ్చింది. నవ్వొచ్చింది, భయమూ వేసింది. యాభై ఏళ్ళ కిందట ఇక్కడ మలేషియాలో తీసిన తమిళ సినిమాల్లో ఈయన పని గుర్రం మీంచి పడటం. హీరో కాల్చేవాడు, ఈయన పడేవారు. తర్వాత పామాయిల్ లారీ తోలారు. ఇప్పుడు డెబ్బై నాలుగేళ్ళు, గుండెలో రెండు స్టెంట్లు. క్లాంగ్ నుంచి పునిత అనే డైరెక్టరమ్మాయి వచ్చి, ముసలి కౌబాయ్ కథ తీస్తున్నాను, మీరే కావాలి అంకుల్ అందట. సుంగై సిపుట్‌లో మా వీధి మొత్తానికి చెప్పేసి వచ్చారు.

ఫిబ్రవరి 5

చివర్లో కౌబాయ్ చచ్చిపోతాడట. ఆ ముక్క నాకు చెప్పకుండా దాచారు.

ఫిబ్రవరి 6

ఒప్పుకోనన్నాను. ఈయన అన్నం మానేసి మూతి ముడుచుకు కూర్చున్నారు. చూడలేక పునితకి నేనే ఫోన్ చేసి షరతు పెట్టాను. చావు సీన్ తీయగానే మనిషి లేచి కెమెరాలోకి నవ్వాలి, ఆ నవ్వు కూడా రికార్డవ్వాలి. మన సినిమావాళ్ళలో పాత పద్ధతే ఇది. లేకపోతే ఆ చావు మనిషి వెంట ఇంటికి వచ్చేస్తుంది. కుర్రప్పుడు ఈయనకి ఆ అవసరం రాలేదు, పడ్డవాడి మొహం ఎవరూ తీసేవారు కాదు.

పునిత అలాగే ఆంటీ అంది. ఈయన మాత్రం, "సచ్చేది నాను కాదు లా, ఆ ముసిలోడు," అన్నారు, ఇక్కడివాళ్ళలాగే మాట చివర 'లా' తగిలించి.

ఫిబ్రవరి 19, సాయంత్రం

లొకేషన్ చూసొచ్చాను. ఈపో దగ్గర పాత తగరపు గని. తవ్వి వదిలేసిన తెల్లటి ఇసుక, మధ్యలో పచ్చటి నీళ్ళు. మలేషియా అనిపించలేదు. ఏ దేశమూ అనిపించలేదు. గుర్రం కూడా ముసలిదే, రేసులు మానేసింది. ఈయనా, అదీ ఇసుకలో దూరంగా పోతూ పోతూ పలచబడిపోయారు. కేకేసి పిలుద్దామనిపించింది. షాట్ నడుస్తోందని నోరు మూసుకున్నాను.

ఫిబ్రవరి 23

నిన్న చావు సీన్ అయిపోయింది. చూడలేనని నేను వెళ్ళలేదు. అదే తప్పయింది. టేక్ అవుతుండగానే వాన మొదలైందట, కెమెరాలు కప్పుకుని అందరూ పరిగెత్తారట. నవ్వు సంగతి ఒక్కరికీ గుర్తులేదు. ఈయనకీ లేదు. తడిసి వచ్చి, వేడివేడిగా కప్పుడు మైలో తాగి, హాయిగా పడుకున్నారు. నాకు ముద్ద దిగలేదు.

ఫిబ్రవరి 24

పొద్దున్నే ఈయన్ని కారెక్కించి నేనే తోలుకుంటూ పోయాను. గుర్రం వెళ్ళిపోయింది, సామాను లారీకెక్కిస్తున్నారు. పునిత నా మొహం చూసి కెమెరా దింపించింది. ఈయన అదే కోటు వేసుకుని, అదే ఇసుకలో పడుకుని కళ్ళు మూసుకున్నారు.

లేచి నవ్వమంటే నవ్వు రాదే! పళ్ళు చూపించారు. అది నవ్వు కాదు, డెంటిస్టు ముందు కూర్చున్నట్టుంది. మళ్ళీ పడుకోమన్నాం. మళ్ళీ అదే.

ఇక లాభం లేదని ఈయన టోపీ తీసి నా కొప్పు మీద పెట్టుకున్నాను. కుచ్చిళ్ళు ఎగదోపి, కాళ్ళు ఎడంగా పెట్టి, కెమెరా పక్కన నిలబడ్డాను.

"ఏటి, లెగుస్తావా, కాల్చీనా?" అన్నాను.

కళ్ళు తెరిచారు. పెళ్ళయినప్పటి నుంచి అంత నవ్వు నేను చూడలేదు. దగ్గొచ్చేదాకా నవ్వారు. ఇంటికొచ్చి కడుపునిండా తిన్నాను.

మే 2

ఈయన పోయారు. కిందటి నెల, మధ్యాహ్నం, కుర్చీలోనే.

నవ్వించాను కదా. అయినా పోయారు. ఎవరి మీద కోపపడాలో తెలియడం లేదు. ముందైతే ఈయన మీదే ఉంది.

ఆగస్టు 17

క్లాంగ్‌లో సినిమా వేశారు. పునిత నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, చివర్లో మిమ్మల్ని అడక్కుండా ఒకటి ఉంచేశాను, తిట్టకండి ఆంటీ అంది.

గుర్రం పక్కన ఈయన కూలిపోయారు. మొహం మీద వాన చినుకులు పడ్డాయి. తుడుచుకోలేదు. నేను తల వంచేసుకున్నాను. కాసేపటికి ఎవరో నవ్వుతున్నట్టు వినిపించింది. ఆ గొంతు నాకు తెలుసు.

తలెత్తితే తెర నిండా పొద్దుటి ఎండ. ఈయన ఇసుకలోంచి లేచి, నన్నే చూస్తూ నవ్వుతున్నారు. చచ్చినవాడు ఎవర్ని చూసి నవ్వుతున్నాడని వెనక సీటువాళ్ళు గుసగుసలాడుకున్నారు. నా చెయ్యి దానంతటదే కొప్పు మీదికి పోయింది. టోపీ లేదు.

ఆగస్టు 18

మళ్ళీ వెళ్ళాను. ఈసారి కూడా లేచారు.