బొటనవేలు దిగేంత గాలి

వానలు, గట్లు, ఎముకలు, తండ్రులు: ఈ నాలుగు శాఖలనూ పర్యవేక్షిస్తున్న అధికారులెవరైనా సరే, వారి సముఖానికి. ఈ డైరీ నిజానికి ఎవరికీ ఉద్దేశించినది కాదు. ప్రజల ఫిర్యాదులకు జవాబులు రాసే విభాగంలో గుమాస్తాను కావడం వల్ల, సంబోధన లేనిదే నా కలం కదలదు. మన్నించగలరు.

జూన్ 21

చెల్లి ఫ్యాట్ బైక్ కొన్నది. సైకిలే, టైర్లకు మాత్రం బాగా ఒళ్ళొచ్చింది. కళ్ళజోళ్ళ దుకాణంలో రోజంతా అద్దాల మీద మరకలు తుడిచే మనిషికి తానే ఒక మరక కావాలనిపించడం సహజమేనని నా అభిప్రాయం.

నాన్న బండి చుట్టూ తిరిగి, ఇదేం టైరే, తలగడా అన్నాడు. బస్సు తోలిన రోజుల్లో ఆయన పొద్దున్నే ప్రతి టైరునూ ఇనుప కడ్డీతో కొట్టి, ఠంగుమంటేనే బస్సు కదిపేవాడు. ఆ కడ్డీ ఇంకా ఆయన మంచం కిందే ఉంది. తెచ్చి కొట్టి చూశాడు. థప్‌మన్నది. ఆయన మొహం మాడిపోయింది.

జూన్ 30, సాయంత్రం

వాన. చెల్లి నన్ను కాలువ గట్టు మీదికి లాక్కెళ్ళింది. నన్ను బండి ఎక్కించే ముందు టైర్లలో గాలి కొంత తీసేసింది. గట్టి టైరు బురదలో జారుతుందట, మెత్తటిదైతే నేలను పట్టుకుంటుందట. బొటనవేలితో నొక్కితే వేలు దిగాలట. నొక్కి చూడన్నయ్యా అంది. దిగింది.

తరువాత జరిగినదానికి ఆఫీసు భాషలో మాటలు లేవు. టైరు బురదను కోయలేదు, దాని మీద తేలింది. గుంటలోకి దిగి, అవతల లేచింది. చక్రాల కింద చప్ చప్‌మని ఒకటే చప్పుడు. వీపంతా బురద, మెడలో బురద, నోట్లో కాస్త. నేను అరిచాను. ఏమని అరిచానో రికార్డులో చేర్చడం మర్యాద కాదు. చెల్లి కడుపు పట్టుకుని నవ్వింది. నీకు గొంతుందని మర్చేపోయాం కదరా అన్నయ్యా అంది.

జూలై 4

మళ్ళీ వాన. మళ్ళీ బురద. ఆనందం. వివరాలు జతపరచడం లేదు.

జూలై 9

ఆఫీసుకు ఫోన్ వచ్చింది. చెల్లి గట్టు మీంచి జారి తూము రాళ్ళ మీద పడింది. ఆసుపత్రిలో ఉంది. నడుము.

జూలై 10

వెన్నుపూసకు దెబ్బ. కాళ్ళు తిరిగి రావచ్చు, రాకపోవచ్చు, చూద్దాం అన్నాడు డాక్టరు. నేను రోజూ రాసే వాక్యమే అది: తమరి విషయం పరిశీలనలో ఉన్నది. అందుకున్నవాళ్ళకు ఎలా ఉంటుందో ఇవాళ తెలిసింది.

కుక్క అడ్డమొచ్చిందని చెల్లి నాన్నకు చెప్పింది. ఆ కుక్క దొరకాలి, దాని సంగతి చెప్తా అంటూ ఆయన వరండాలోకి పోయాడు. వెంటనే చెల్లి నా చెయ్యి పట్టుకుంది. కుక్కా లేదు, గిక్కా లేదు అంది.

నిన్న పొద్దున నాన్న పంపు పెట్టి టైర్లకు గాలి కొట్టాడట. గాలి పెట్టుకునే ఓపిక కూడా లేదుటే నీకు, చూడు ఇప్పుడెలా ఠంగుమంటోందో అన్నాడట. ఆ సంతోషం చూశాక ఆయన ముందే తీసెయ్యడానికి దీనికి చేతులు రాలేదు. గట్టు దగ్గర తీద్దాంలే అనుకుంది. గట్టు దగ్గరికి వెళ్ళేసరికి వాన ఎత్తుకుంది. ఆ సంబరంలో మర్చిపోయింది. మొదటి మలుపులోనే జారింది.

నాన్నకు తెలిస్తే బతకడురా, ఆయన చూడకముందే గాలి తీసెయ్ అంది.

జూలై 11

బండి ఇంటికి చేరింది. నొక్కి చూశాను. వేలు దిగలేదు. వాల్వు వదిలాను. సాక్ష్యం బుస్సుమంటూ బయటికి పోయింది. ఫైలు మూసివేయడమైనది.

జూలై 15

ఫైలు తెరుచుకుంది. నాన్న బండి పక్కన నేల మీద కూర్చుని ఉన్నాడు, ఒళ్ళో కడ్డీ. కొట్టి చూశాడట. థప్. చూశావుట్రా, గాలి దిగిపోయింది, అందుకే పడింది, నా కోసం కుక్క అని చెప్పింది పిచ్చిది అన్నాడు. నేను పంపుతో ఇంకో నాలుగు దెబ్బలు ఎక్కువ కొట్టి ఉంటే పిల్ల లేచి తిరిగేదిరా అన్నాడు. ఆయన ఏడుస్తుంటే పక్కన కూర్చున్నాను.

జూలై 24

నాన్న ట్యూబులు మార్పించాడు. రోజూ గాలి కొడుతున్నాడు. ఆయన అటు వెళ్ళగానే నేను తీస్తున్నాను. రెండు విభాగాలూ చిత్తశుద్ధితో పనిచేస్తున్నాయి.

ఆగస్టు 2

చెల్లి ఎడమ కాలి బొటనవేలు కదిలింది. ఇప్పుడే ఏమీ చెప్పలేనన్నాడు డాక్టరు. బయట వానా అని అడిగింది చెల్లి. అవునన్నాను. అయితే ఇక్కడేం చేస్తున్నావ్, వెళ్ళి తొక్కు, కడుక్కోకుండా రా అంది.

వెళ్ళాను. అరిచాను. కడుక్కోకుండా వచ్చాను. ఇదేం ఆసుపత్రా, పశువుల పాకా అని నర్సు తిట్టింది. చెల్లి నా కాలరు మీది బురదను వేలితో తీసి, చాలాసేపు వాసన చూసింది.

ఆగస్టు 19

రేపు చెల్లిని ఇంటికి పంపుతారు, చక్రాల కుర్చీలో. నాన్న ఆ కుర్చీ టైర్లను కూడా కడ్డీతో కొట్టి చూశాడు. ఠంగుమన్నాయి. తల ఊపాడు.

ఇందుమూలంగా దాఖలు చేయు డిమాండు నం. 1:

చెల్లి మళ్ళీ ఆ బండి ఎక్కే పొద్దున, గాలి సంగతి నాన్నకు చెప్పక తప్పదు. ఆ పొద్దును మంజూరు చేయాలి.