ఒక సైజు పెద్దవి

అమ్మా, నేను బాగానే ఉన్నాను, బెంగపెట్టుకోకు. ఇక్కడ హాస్టల్లో ఒక ట్రస్టువాళ్లు పరుగుపందెం పిల్లలందరికీ బూట్లు ఇచ్చారు. నా వంతు రాగానే మనింటి అలవాటు నోట్లోంచి ఊడిపడింది: "ఒక సైజు పెద్దవి ఇవ్వండి సార్, వేళ్ల దగ్గర దూది కుక్కుకుంటాను." కోచ్ గారు నవ్వలేదు. "కాలికి సరిపోయేవే తీసుకోమ్మా. బిగుతైతే మళ్లీ ఇస్తారు" అన్నారు. ఇన్నాళ్లూ వచ్చే ఏడాది కాళ్లకు కొన్న బూట్లతో పరిగెత్తానన్నమాట. నీ తప్పు కాదులే.

నాన్న మోకాలు ఎలా ఉంది? వంటింటి కుళాయి బాగుచేయించారా? మన చెల్లిలా డాన్సు నేర్చుకునే పిల్లలకు కూడా ఆ ట్రస్టువాళ్లు బూట్లు ఇస్తారట. నానమ్మకు నా దణ్ణాలు చెప్పి, చెల్లి పాదం కాగితం మీద పెట్టించి, చుట్టూ గీత గీసి వెంటనే పంపు. ఎదిగే పిల్ల కదా అని పెంచి గీయకమ్మా, ఉన్నంతే గీయి.

నీ పెద్దమ్మాయి