నల్లరాతి గీత

మార్చి 9
పాలమూరు నుంచి బస్సు. హాలియా దిగేసరికి మధ్యాహ్నం. తిన్నగా తోటకే పోయాను. బత్తాయి ఆకులు ముడుచుకున్నాయి, పిందెలన్నీ చెట్ల కిందే. కాలువ మా ఎత్తుకు ఎక్కదు. అన్న ముఖం చూడలేకపోయాను. "మూడు బోర్లు ఫెయిలైనయ్ చెల్లె. ఇంకొక్కటేస్త. గది గూడ పోతే చెట్లు కొట్టిస్త."
మూడూ నాయిన చూపించిన జాగాలే. అరచేతిలో కొబ్బరికాయ పడుకోబెట్టి నడుస్తాడు. కాయ లేచి నిలబడ్డ చోట నీళ్లున్నట్టు. నలభై ఏళ్లుగా చుట్టుపక్కల ఊళ్లలో ఇదే ఆయన గొప్ప.

మార్చి 10
నాయిన మళ్లీ కాయ పట్టాడు. వెనక పదిమంది. కాయ లేచింది. "గిక్కడ" అన్నాడు.
అందరి ముందే అన్నాను — "నీ చెయ్యి వణుకుతాంది నాయినా. చెయ్యి వణికితే కాయ లేవదా?"
నవ్వారు. నాయిన కాయను తువ్వాలలో చుట్టుకుని ఇంటికి పోయాడు. నాకు సంతోషంగానే ఉంది. ఇక్కడ కూడా అబద్ధం రాయడమెందుకు...

మార్చి 12
పాలమూరులో ఆఫీసు. భూగర్భజలాల జాడ తీయడమే నా ఉద్యోగం. ఉపగ్రహం తీసిన ఎండాకాలపు పటం తెరిచాను. ఊళ్లన్నీ బూడిద రంగు. పచ్చని చెట్టు మాత్రం ఇందులో ఎర్రగా పడుతుంది. మా తోట పడమటి అంచున ఎర్రటి గీత. దారం పట్టినట్టు తిన్నగా. ఇంత ఎండలో ఇంత పచ్చదనమంటే కింద రాతిలో పగులు ఉండాలి. అక్కడే నిలబడితే కనబడేది నాలుగు తుమ్మచెట్లు, కాస్త గడ్డి. మనిషి అంత పైకి పోయి వెనక్కి తిరిగి చూశాకే కాళ్ల కింది రాయి సంగతి తెలిసింది.
ఇదంతా నాయినకు చెప్పాలి. చెప్పి, ముఖం చూడాలి.

మార్చి 15
చెప్పాను. పటం చాలాసేపు చూశాడు. "బిడ్డా, గీ గీత ఎంబడి..."
"నీకు తెల్వదు నాయినా, ఊకో."
పటం తిరిగి నా చేతిలో పెట్టాడు.

మార్చి 17
రిగ్గు వచ్చింది. ఎర్రగీత మీద ఆరు వందల అడుగులు. దుమ్ము.

మార్చి 18
అన్న నన్ను చూసి లేచిపోతున్నాడు. నాయినే మంచంలోంచి చెప్పాడు — ఆ గీత ఊరికి మంచినీళ్లు తెచ్చే నల్లా పైపుది. తెలంగాణ వచ్చినంక వేశారు. కందకం తవ్విన కూలీల్లో తనూ ఉన్నాడు. అతుకుల దగ్గర కారుతుంది, ఆ తడికే తుమ్మలు. "గా దినమే చెప్దామనుకున్న. తెల్వదంటివి గద."
అప్పుడు నేను హాస్టల్లో ఉండి రాతి పగుళ్ల గురించి చదువుతున్నాను. అంతరిక్షం నుంచి పైపు లీకేజీ కనిపెట్టాను. శభాష్.

మార్చి 21
బోరు డబ్బులకు వదిన మేకల్ని అమ్మేసింది. ఇక నిజంగా ఆఖరి బోరు.

మార్చి 23
పైపు వేయకముందు తీసిన పటం దొరికింది. పాత ఉపగ్రహం, మసక మసకగా. ఎర్రగీత లేదు. నల్లగీత ఉంది — నాలుగు ఊళ్ల మీదుగా వచ్చి మా తోటను కోస్తూ పోతోంది. నల్లరాతి గోడ. ఏనాడో భూమి లోపలి నుంచి కరిగి పైకొచ్చి, గ్రానైటు చీలికలో గట్టిపడింది. ఎగువ నుంచి ఊరే నీళ్లను భూమి లోపలే కట్టలా ఆపుతుంది. ఊళ్లో ఆ బండ మీద బట్టలుతికారు, వడ్లెండబోశారు. అది అంత పొడవుందని ఎవరికీ తెలియదు.
పటంలో గోడకు ఎగువ పక్క గుర్తు పెట్టాను.

మార్చి 24
ఫోను చూపిన జాగాకు నడిచాను. అమ్మ సమాధి.
వెనక్కి పోయి మళ్లీ నడిచాను. అమ్మ సమాధే. మావాళ్లు సొంత పొలంలోనే పెడతారు. ఆ మూలను ఎంచింది నాయిన. తవ్వితే మట్టి తడిగా తగిలిందట, అమ్మకు చల్లగా ఉంటుందన్నాడు.

మార్చి 25
అన్న: "అమ్మ ఏమనది. తీసి పక్కకు పెడదాం."
బోరునే జరపొచ్చు. ఎటు జరపాలి? ఒకసారి తప్పినదాన్ని.
నాయినను కాయ పట్టమన్నాను. బతిమాలాను. చెయ్యి చాపి చూపించాడు.
"వణుకుతాంది బిడ్డా."

మార్చి 26
రేపు పొద్దున రిగ్గు. నాయిన సమాధి పక్కన కూర్చుని పటం చూపించమన్నాడు. "ఇందుల మీ అమ్మ ఏడున్నది?"
కనబడదన్నాను. ఈ పటంలో ఒక్క చుక్కంటే అయిదు సాళ్ల చెట్లు పట్టే జాగా.
"భూమిల నీళ్లు కనబడ్డయ్, మీద కట్టిన సమాధి కనబడదా?"
నీళ్లూ కనబడలేదు. రాతిగీత కనబడింది, అంతే. ఆ చుక్కలో నీళ్లు ఎక్కడైనా ఉండొచ్చు. ఇక్కడే అనడానికి నా దగ్గరున్నది, అమ్మను పెట్టిననాడు ఆయన చేతికి తగిలిన తడి ఒక్కటే. ఈ మాట చెప్పాలి. చెబితే అన్న ఆగిపోతాడు. చెట్లు పోతాయి.
"ఈసారి పక్కానా బిడ్డా?"
"పక్కా" అన్నాను.
వణికే చేతిని రెండో చేత్తో పట్టుకుని లేచాడు.
"అయితే మొదటి ఇటుక నేనే తీస్త."