ఐదుగురం అన్నాడు

ఆర్మూర్,
12 మార్చి 1996.

ప్రేమగల ముత్తెమ్మక్కకు,

నీ రాధ రాస్తున్నది. భివండీలో సాంచాల, ఆ కరెంటు మగ్గాల చప్పుడుకు తలనొప్పి వస్తున్నదని పోయినసారి రాశావు, తగ్గిందా? ఇక్కడ పసుపు ఉడకబెట్టడం అయిపోయింది. వాకిలి నిండా కొమ్ములు ఆరబోసి ఉన్నాయి. వాటిని తిరగేయడానికి అత్త నన్ను వంగనివ్వడం లేదు. ఏడో నెల వచ్చింది కదా.

బండి కొన్నారా అని అడిగావు. కొనలేదు. ఎందుకు కొనలేదో రాయాలని నాలుగైదు రోజులుగా కాగితం ముందు పెట్టుకుంటున్నాను, మళ్ళీ తీసి దాస్తున్నాను. ఇది బండి సంగతి కాదక్కా. కానీ బండితోనే బయటపడింది కాబట్టి అక్కడి నుంచే చెప్తాను.

బండి కొందామన్న మాట వచ్చిన నాటి నుంచి నాకూ మీ మరిదికీ పడలేదు. ఆయనకు సుమో కావాలి. నాకు మారుతి వ్యాన్ చాలు. వ్యాన్ మెట్టు కిందికుంటుంది, అత్త మోకాళ్ళ నొప్పితో కూడా ఎక్కగలదు. తలుపు పక్కకు జరుగుతుంది కాబట్టి మన గల్లీలో ఎవరి గోడకూ తగలదు. సుమో ఎక్కాలంటే నాకు ఒక చేత్తో చీర, ఒక చేత్తో కడుపు పట్టుకోవాలి. ఆయన మాత్రం డీజిలు బండి అని, నాలుగు పసుపు బస్తాలు కూడా వేసుకోవచ్చని, పెళ్ళిళ్ళకు కిరాయికి ఇవ్వొచ్చని అనేవాడు. వాహబన్న నీకు తెలుసు కదా, బస్టాండు దగ్గర జీపు నడుపుతాడు. ఆయన్ని కూడా తన వైపు తిప్పుకున్నాడు. ఈ కడుపు నిలిచిందని తెలిశాక ఇంకా పట్టుబట్టాడు. సుజాత, గంగాధర్, పుట్టబోయేది, అమ్మ, మనిద్దరం, ఇంతమందిమి ఆ డబ్బాలో ఎట్లా పడతామని కనిపించిన ప్రతివాడికీ చెప్పాడు. మూడో కాన్పు అని నేనే భయపడ్డాను. ఆయన భయపడలేదు. రోజూ పొద్దున చాయ్ తాగుతూ, కదులుతున్నదా అని అడిగేవాడు.

మాఘంలో మామ తద్దినానికి నువ్వు లేకుండా బావ ఒక్కడే భివండీ నుంచి వచ్చాడు. అన్నదమ్ములిద్దరూ చేను దాకా వెళ్ళి చాలాసేపటికి వచ్చారు. ఆ తర్వాత మీ మరిది సుమో మాట ఎత్తలేదు. కదులుతున్నదా అని అడగడం కూడా మానేశాడు. పసుపు పనుల ఒత్తిడి అనుకున్నాను.

పోయిన వారం నిజామాబాద్‌లో పాత బండ్లు అమ్మే షెడ్డుకు వాహబన్న జీపులో వెళ్ళాం. నన్ను కూడా రమ్మన్నాడు, ఎక్కి దిగి చూసుకొమ్మని. అక్కడ రెండూ పక్కపక్కనే ఉన్నాయి. తెల్ల వ్యాన్, ముదురు నీలం సుమో. షెడ్డు ఆయన మర్యాదగా కుర్చీ వేయించాడు. ఏది కావాలి, ఇంట్లో ఎంతమంది అని అడిగాడు.

"ఐదుగురం. వ్యాన్ సరిపోతది" అన్నాడు మీ మరిది.

నేను ఆయన పక్కనే ఏడు నెలల కడుపుతో కూర్చుని ఉన్నానక్కా. షెడ్డు ఆయన నా వైపు ఒకసారి చూసి తల దించుకున్నాడు. నేను ఆరుగురం అన్నాను. నవ్వుతూనే అన్నాను, మరచిపోయాడనుకున్నాను. ఆయన నవ్వలేదు. వ్యాన్ చక్రాల దగ్గరికి వెళ్ళి వంగి ఏదో చూస్తూ నిలబడ్డాడు. సుమో వైపు కన్నెత్తలేదు. అది మరపు కాదని అప్పుడు నాకు తెలిసింది.

ఇంటికొచ్చి అడిగితే నోరు జారిందన్నాడు. కడుపు నిలిచిన నాటి నుంచి ఆరుగురం ఆరుగురం అన్న మనిషికి ఇప్పుడే ఎట్లా జారింది? అరుగు మీద కూర్చుని బీడీలు చుడుతున్న అత్త తలెత్తకుండానే చెప్పింది.

"వాన్నేమంటవ్ రాధా. అది మనింట్ల పెరిగేది కాదు గదా. పెద్దోనికిస్తమని మాటయ్యింది. నీకు ఇద్దరున్నరు."

ఆమె కఠినంగా అనలేదు. చెరువు కింద మడి కౌలుకిచ్చామని చెప్పినట్టు చెప్పింది. మీ మరిది తలుపు పట్టుకుని నిలబడ్డాడు. అన్న అడిగాడట. తండ్రి పోయిన నాడు మీసాలైనా రాని వయసులో భివండీకి పోయి, సాంచాల మీద నిలబడి తనను చదివించిన అన్న, ఒక్కనాడూ ఏమీ అడగని అన్న, చేనుగట్టు మీద ఏడ్చి అడిగాడట. కాదనలేకపోయాడట. నాకు ఎట్లా చెప్పాలో తెలియక కాన్పు అయ్యాక చెబుదామనుకున్నాడట.

అక్కా, నాకు తల్లి లేదు. సుజాత పుట్టినప్పుడు నువ్వు భివండీ నుంచి వచ్చి నాకు పురుడు పోశావు. గంగాధర్‌కు కామెర్లు వచ్చినప్పుడు దవాఖానలో నా కంటే ఎక్కువ మేలుకున్నది నువ్వే. నీ కడుపు మూడుసార్లు నిలిచి జారిపోయినప్పుడు నీ పక్కన ఎవరున్నారో, ఏమనుకుని నిద్రపోయావో నేను అడిగే ధైర్యం చేయలేదు. ఒకే ఇంటి కోడళ్ళమైనా నిన్ను తోటికోడలు అని ఎవరికీ చెప్పలేదు, మా అక్క అనే చెప్పాను. అందుకే ఈ మాట ఇంకొకరి నోటితో నీకు చేరకూడదని నేనే రాస్తున్నాను. నేను ఈ బిడ్డను ఇవ్వలేను. ఇద్దరున్నా ఇది నాకు మూడోది, ఎక్కువైనది కాదు.

ఇప్పుడు నేను సుమోనే కావాలంటున్నాను. మెట్టు ఎత్తైనా సరే, తల తిరిగినా సరే. ఆయన మాట్లాడడం లేదు. నీకు ఈ సంగతి తెలుసో తెలియదో నాకు తెలియదు. తెలిసి ఉంటే నాకెందుకు రాయలేదో చెప్పు. తెలియకపోతే, నీ మనసు కష్టపెట్టినందుకు తిట్టు.

నీ చెల్లె,
రాధాబాయి


భివండీ,
4 ఏప్రిల్ 1996.

చిరంజీవి రాధకు,

అక్క రాస్తున్నది. నీ ఉత్తరం అందింది. చదివి చాలా రోజులైంది. నా చేతిరాత నీకు తెలుసు, తప్పులు చూడకు.

నాకు తెలుసు రాధా. అడగమన్నది నేనే. మీ బావకు ఆ ఆలోచన పెట్టింది నేను. తద్దినానికి పోతుంటే, దేవిదాస్‌ను అడుగు, కానీ ముందు రాధను అడుగు, అది సరేనంటేనే మాట్లాడు అని చెప్పి పంపాను. తిరిగొచ్చి, "దేవిదాస్ ఒప్పుకుండు, రాధ గూడ సంబురపడ్డది" అన్నాడు. నేను నమ్మాను. నమ్మాలని ఉండి నమ్మాను. నువ్వు సంతోషపడితే రెండు అక్షరాలు రాసేదానివి కదా అని ఒక్కసారి అనిపించింది. సిగ్గుపడి రాయలేదనుకున్నాను.

ఈ రెండు నెలలు నేను ఎట్లా ఉన్నానో నీకు చెప్పాలి, ఇంకెవరికీ చెప్పలేను. ఇక్కడ గాలి నిండా నూలు ధూళే. పసిపిల్లకు పడదని గది గోడలన్నీ కడిగాను. కిటికీ కింద మంచాన్ని అవతలి గోడకు జరిపాను. మెత్తటి పాత చీరలు ఉతికి పొత్తిగుడ్డలకని చింపాను. పక్కింటి మరాఠీ ఆమెకు కూడా చెప్పేశాను. ఆమె రోజూ ఎన్నో నెల అని అడుగుతుంది, నేను నీ నెలలు చెప్తాను.

నీ ఉత్తరం చదివినప్పుడు నాకు నీ మీద కోపం వచ్చింది. అబద్ధం రాయను. దానికి ఇద్దరున్నారు కదా, ఒకటిస్తే ఏం పోయింది అనుకున్నాను. అత్త అన్న మాటే నేనూ అనుకున్నాను. పొద్దంతా అట్లాగే ఉన్నాను. తర్వాత ఐదుగురం అన్నాడని రాశావు చూడు, అక్కడ మళ్ళీ చదివాను. నా బిడ్డలు కడుపులో ఉన్నప్పుడు కూడా ఎవరూ లెక్కలో వేయలేదు రాధా. నిలుస్తుందో లేదో అని నా ముందు పేరెత్తకుండా తిరిగేవాళ్ళు. నా ముగ్గురినీ లెక్కపెట్టింది నేనొక్కదాన్నే. నీ దాన్ని కూడా నా కోసమే లెక్కలోంచి తీసేశారని తెలిశాక ఇంక ఎట్లా తీసుకోను?

నీ బిడ్డ నీ దగ్గరే ఉండాలి. మీ బావకు చెప్పాను. ఆయన అన్నం ముందు నుంచి లేచిపోయాడు. నాతో మాట్లాడడం లేదు. మాట్లాడతాడులే.

ఒక్కటే అడుగుతాను. ఈసారి పురుడు పోయడానికి నన్ను పిలవకు. మొదటి స్నానం నా చేత్తో చేయించి, తుడిచి, నీ పక్కన పడుకోబెట్టి రావాలంటే నాకు చేత కాదు. ఎత్తుకుంటే దించగలనో లేదో నాకే తెలియదు. ఏర్గట్ల నుంచి మీ మేనత్తను పిలిపించుకో. నూనె బాగా రాయించుకో. మూడో కాన్పుకు నడుము పట్టేస్తుంది, బరువులెత్తకు.

ఏ బండి కొంటారో మీ ఇష్టం. నన్ను మాత్రం ఆ గొడవలో పెట్టకండి.

ఇట్లు,
ముత్తెమ్మ


ఆర్మూర్,
21 జులై 1996.

మా అక్క ముత్తెమ్మకు,

నువ్వు రానన్నది సరేనని ఇన్ని రోజులు రాయలేదు. పిలుస్తున్నాననుకుంటావేమోనని. బావ చెప్పే ఉంటాడు, ఆడపిల్ల. జూన్ మొదటి వారంలో పుట్టింది. మేనత్త వచ్చింది. నేను బాగానే ఉన్నాను. ఇంతకంటే బిడ్డ గురించి నేను రాయను. నువ్వు అడిగితే రాస్తాను.

పేరు నీతో పెట్టిద్దామని అత్త అన్నది, నీకు ఊరటగా ఉంటుందని. నేనే వద్దన్నాను. బిడ్డను ఇవ్వక పేరు మాత్రం పెట్టమని పిలిస్తే నీకు ఎట్లా ఉంటుందో ఆమెకు తోచలేదు. అత్త చెడ్డది కాదు. ఇద్దరు కొడుకుల మధ్య సమంగా పంచాలనుకుంది, అంతే.

నీ ఉత్తరం మీ మరిదికి ఇచ్చాను. వాకిట్లో కూర్చుని చదివాడు. నేను వెళ్తే నా ముఖం చూడకుండానే అన్నాడు.

"అన్న నన్ను సాదిండు రాధా. ఆయనకు ఏమియ్యాల్నో తెల్వక, నాదొక్కనిదే కానిది ఇస్తనన్న."

నేను ఓదార్చలేదు. ఆయన చెప్పింది నిజమే కదా. కానీ ఆ రోజు నుంచి మళ్ళీ మాట్లాడుకుంటున్నాం. కాన్పు అయ్యాక సుమోకు బయానా ఇచ్చి వస్తానని బయలుదేరాడు. నేనే ఆపాను. వ్యాన్ కొన్నాం. అత్త తనంతట తాను ఎక్కుతుంది. పిల్లలిద్దరూ వెనుక సీటులో, చిన్నది నా ఒళ్ళో. ఎండకు ముందు సీటు కింద ఇంజను కాలుతుంది, వాహబన్న తడి గోనె పరచుకోమన్నాడు. మనుషులకు చోటుందని ఇంట్లో తేలాక నాకు పెద్ద బండి అక్కర లేకపోయింది.

ఇప్పుడు అసలు సంగతి. మొన్న బావ వచ్చాడు కదా. నాకు భయమైంది, ఏమంటాడోనని. మనిషి చిక్కిపోయాడు. పాపను చూడనన్నట్టు అటు తిరిగి కూర్చున్నాడు. మాటల మధ్యలో తమ్ముడితో నీ గురించి చెప్పాడు. నువ్వు పక్కింటి మరాఠీ ఆమెను తోడు తీసుకుని కళ్యాణ్‌లో ఒక అనాథాశ్రమానికి పోయి వస్తున్నావట. అక్కడ మూడేళ్ళ పిల్ల ఒకతి నీ కొంగు పట్టుకుని వదలడం లేదట. ఇంటికి తెచ్చుకుందామని బావను అడిగావట. నువ్వు నాకు రాయలేదు. రాయకపోవడానికి నీకు హక్కుంది.

"ఏ కులమో, ఏ పుట్టుకో తెల్వని పిల్లను ఇంట్లకెట్ల తెచ్చుకుంటం. మీ వదినకు పిచ్చి పట్టింది" అన్నాడు బావ.

నేను తలుపు చాటున ఉన్నాను. పెళ్ళయి ఇన్నేళ్ళలో బావ ముందుకు వచ్చి మాట్లాడింది లేదు. ఆ రోజు పాపను ఎత్తుకుని వచ్చి నిలబడ్డాను.

"బావా, నా బిడ్డను తీస్కపోతమన్నప్పుడు మీరు నన్ను ఒక్క మాట అడగలే. గిప్పుడు అక్క మిమ్మల్ని అడుగుతున్నది. అడిగినోళ్ళకు పిచ్చి అని పేరు పెట్టకుండ్రి, జవాబు చెప్పుండ్రి."

బావ నా వైపు చూశాడు. కోపమొస్తుందనుకున్నాను, రాలేదు. కండువాతో ముఖం తుడుచుకుని, "నాకు భయమైతున్నదమ్మా" అన్నాడు. అంత పెద్ద మనిషి అట్లా అంటాడనుకోలేదు. మూడుసార్లు చూసిన మనిషి కదా, వచ్చింది నిలుస్తుందని ఆయనకు నమ్మకం లేదు. కులం మాట పైపైది అనిపించింది నాకు. నీకు ముందే తెలిసి ఉంటుంది.

పోయేటప్పుడు పాపను ఇటివ్వమన్నాడు. ఎత్తుకుని వాకిట్లో కాసేపు తిప్పాడు. తిరిగి నాకే ఇచ్చాడు. బస్టాండు దాకా వ్యాన్‌లో దింపుతానంటే వద్దని నడిచి పోయాడు.

ఆయన ఔననలేదు, కాదనలేదు. ఒప్పుకుంటాడో లేదో నేను చెప్పలేను. నువ్వు మాత్రం ఆ పిల్ల దగ్గరికి పోవడం మానకు. ఏం తింటుంది, ఏం పిలిస్తే పలుకుతుంది, నీకు రాయాలనిపిస్తే నాకు రాయి. రాయకపోయినా నేను బాధపడను.

బావ అట్లాగే ఊగిసలాడితే మీ మరిది భివండీకి వస్తానన్నాడు. అన్న ముందు కూర్చుని, ఆ పిల్ల మన ఇంటి పిల్లే, ఆర్మూర్‌లో తన పిల్లలతో సమానంగా చూసుకుంటానని మాటిస్తానన్నాడు. ఆ మాట ఇవ్వొచ్చా అని ఈసారి ముందు నన్ను అడిగాడక్కా. ఇవ్వమన్నాను.

నీ చెల్లె,
రాధ