అమ్మ రాయి దగ్గర వంపు

ప్రియమైన తమ్ముడు శివకు,

ఫోన్ చేస్తే సగం మాటకే సిగ్నల్ పోతుంది, మిగతా సగానికి నువ్వు కసురుకుంటావు. అందుకే ఉత్తరం. మన ఊరి మీదుగా కొత్త బొగ్గు లైను వస్తుందట. సర్వేవాళ్ళు ఎర్ర రంగు పూసిన రాళ్ళు పాతి వెళ్ళారు. అవి మనం చచ్చినవాళ్ళకు నిలబెట్టే రాళ్ళే అనుకున్నాడు సీతయ్య పెదనాన్న. ఒక్కోదాని మీద ఇంత ఇప్పసారా పోసి, "ఏ ఇంటోడివి బిడ్డా? ఎప్పుడు పోయినవ్? మాకు కబురన్న పెట్టకపోతిరి!" అని ఏడ్చాడు. నేను పడీపడీ నవ్వాను. తీరా చూస్తే ఆ వరుస సూటిగా మన అమ్మ రాయి మీదికే పోతోంది. అప్పటినుంచి అన్నం సహించడం లేదు. నువ్వు రైల్వేలో ఉన్నావు కదా, ఏదో ఒకటి చెయ్యి.

నీ అక్క,
జంపక్క

ప్రియమైన అక్కకు,

నేను గూడ్సు బండిలో అసిస్టెంట్ లోకో పైలట్‌ని. లైను ఎటు వేస్తే అటు పోవడమే నా పని. ముత్తాత వాళ్ళు మద్దిచెట్లు కొట్టి పట్టాల కింద వేసే స్లీపర్లు ఇచ్చారు కాబట్టే ఆనాడు ఇటు రైలొచ్చింది. రైలొచ్చాకే కొత్తగూడెం ఇంత టౌనయింది. రేపు మన ఊరికీ నాలుగు దుకాణాలు వస్తాయి. పూజ చేసి అమ్మ రాయిని పక్కకు జరుపుదాం. మిషన్ల ముందు పడుకుంటానన్నావట, మన ఊరి నాగరాజు ఫోన్లో చెప్పాడు. బండిలో ప్రతి సిగ్నల్నీ పైకి పలకాలి. నిన్న నీ ధ్యాసలో పడి పలకడం మరిచి పైలట్ చేత తిట్లు తిన్నాను.

నీ తమ్ముడు,
శివ

ప్రియమైన శివకు,

ముత్తాత చెట్లు కొట్టిన లైనులో మనుషులెక్కే బండి కూడా ఉండేది. వచ్చేదాంట్లో బొగ్గే కూర్చుంటుంది. నువ్వనుకున్నట్టు జరపడానికి అది ఉత్త రాయి కాదు, కింద అమ్మ ఉంది. రేపు గ్రామసభ. ఏం చేస్తానో నాకే తెలియదు. నువ్వు మాత్రం రాకు, నౌకరీకి ఇబ్బంది.

అక్క

అక్కా,

నెలయింది, నీ నుంచి ఒక్క ముక్క లేదు. లైను పక్కకు మార్చారని మా డిపోలో అంటున్నారు. గెలిచినదానివి ఎందుకు రాయవు? పోలీసులు గానీ పట్టుకున్నారా? నిద్ర పట్టడం లేదు. జల్దీ రాయి.

శివ

ప్రియమైన తమ్ముడికి,

నన్నెవరూ పట్టుకోలేదు. సభకొచ్చిన ఇంజనీరు ఉదయశ్రీ మేడం మంచిగానే విన్నది.

"రాయి కాడ లైను వంచొచ్చు గనీ, ఒక ఇల్లు పోతది. ఆ ఇంటోళ్ళు ఒప్పుకుంటరా?" అని అడిగింది.

"అవ్, ఒప్పుకుంటరు."

"నువ్వెట్ల చెప్తవ్?"

"ఇల్లు నాదే మేడం."

నీకు చెబితే వద్దంటావని రాయలేదు, తిట్టాలనుంటే తిట్టు. అంగన్‌వాడీ జీతంతో కట్టుకున్న ఇల్లు, దుఃఖం లేదని ఎట్లా అంటాను? పొద్దుటినుంచి పెంకులు దించుతున్నాం. ఇల్లంటే ఇంకోచోట కట్టుకుంటాను శివా, అమ్మను రెండోసారి పాతిపెట్టడం నావల్ల కాదు.

నీ మొండి అక్క