బుజ్జోడి కొలంబో ప్రయాణం

ఫిబ్రవరి 2
కొత్త డైరీ. కొత్త నిర్ణయం. మే నెలలో కొలంబోలో జాతి కుక్కల పోటీ ఉంది. మా గోల్డెన్ రిట్రీవర్‌ను తీసుకెళ్తున్నాను. కప్పు తెస్తున్నాను! మార్కాపురంలో స్టీలు సామాన్ల ఫణికృష్ణ అంటే దుకాణం తప్ప ఎవరికీ ఇంకేమీ గుర్తు రాదు. ఇకమీదట వస్తుంది.
కుక్క పేరు కాగితాల మీద సర్ విక్టర్. ఆ పేరుతో పిలిస్తే పలకదు. మా అమ్మ పెట్టిన బుజ్జోడు అన్న పేరుకే పలుకుతుంది. మాన్పించాలి.

ఫిబ్రవరి 3
తెల్లారేసరికి తర్లుపాడు రోడ్డు మీద పరుగు. అద్భుతం! వాడు పరిగెత్తాడు. నేనూ కొంతదూరం పరిగెత్తాను.
నియమాలు: నెయ్యన్నం బంద్. రోజూ పరుగు. రోజూ బొచ్చు దువ్వడం. పుట్టినప్పటినుంచి కత్తెర తగలని బొచ్చు. జడ్జి కన్ను ముందు పడేది దాని మీదే.

ఫిబ్రవరి 9
గిద్దలూరు నుంచి బామ్మర్ది అనిల్ కుమార్ వచ్చాడు. విషయం విని చాలాసేపు నవ్వాడు. “గిద్దలూరు బస్సెక్కితేనే కక్కుకుంటాడు గదా బావా. ఫ్లైటు ఎట్ల ఎక్కుతాడు?” అన్నాడు.
కప్పు తెచ్చిన రోజు ముందు వాడింటికే వెళ్తాను.

ఫిబ్రవరి 20
కండ పట్టాలంటే కోడిమాంసం పెట్టాలని వీడియోలో చెప్పారు. మా ఇంట్లో కోడిగుడ్డు పేరెత్తినా అమ్మ స్నానం చేసి వస్తుంది. మీల్‌మేకర్ ఉడకబెట్టి పెట్టాను. వాడు వాసన చూసి, తర్వాత నన్ను చూశాడు. ఆ చూపు నాకు నచ్చలేదు.
అమ్మ నెయ్యన్నం కలిపింది. ఒక్కపూటకు ఏమీ కాదు.

మార్చి 4
జడ్జి పళ్లూ కాళ్లూ చూసేదాకా కుక్క కదలకుండా నిలబడాలి. అదే నేర్పుతున్నాను. నా భార్య వసుంధరను జడ్జిగా పెట్టాను. ఆమె దగ్గరికి రాగానే వాడు వెల్లకిలా పడుకున్నాడు. ఆమె పొట్ట నిమిరింది. ఇలాంటి జడ్జితో కష్టం.

మార్చి 17
పెళ్లిళ్ల సీజను. దుకాణంలో ఊపిరాడటం లేదు. పరుగు లేదు. ఎండలు కూడా మొదలయ్యాయి, మూగజీవి ఆరోగ్యం చూసుకోవాలి కదా. వాడు కూలరు ముందు నుంచి లేవడం లేదు. ఫర్వాలేదు, పరుగు లేకపోయినా బొచ్చు పెరుగుతుంది. బొచ్చే ముఖ్యం.

మార్చి 28
కొలంబో నుంచి మెయిల్! మమ్మల్ని పోటీకి తీసుకున్నారు! దుకాణంలో అందరికీ టీలు.
అమ్మ మాత్రం కళ్లు తుడుచుకుంది. “లంకకు పోయినాయన తోక ఏమయిందో ఎరగవా నాయనా? బుజ్జోడి తోకకు ఏమీ కాకూడదని ఇలవేల్పుకు మొక్కుకున్నా. సముద్రం దాటేలోపల తీర్చాల” అంది.
కొబ్బరికాయే కదా అనుకుని సరే అన్నాను.

ఏప్రిల్ 10
సరుకు కోసం విజయవాడ వచ్చాను. అమ్మ ఫోన్ చేసింది. ఎల్లుండి రోజు బాగుందట, మొక్కు తీర్చేస్తారట. అనిల్‌ను కూడా పిలిచిందట. వాడెందుకో అడగలేదు. గిన్నెల బేరంలో ఉన్నాను.

ఏప్రిల్ 12
సాయంత్రం ఇల్లు చేరాను. వాకిట్లో చెప్పులు. లోపల పాయసం వాసన. హాలు మధ్యలో బుజ్జోడు.
గుండు.
తల ఒక్కటే కాదు, ఒళ్లంతా. ఒంటినిండా గంధం. తోక బొచ్చు మాత్రం చెక్కుచెదరలేదు. మొక్కు తోక కోసమే కదా, దాన్ని వదిలేయమన్నారట.
పుట్టువెంట్రుకలు తీయించకుండా బిడ్డను సముద్రం దాటించకూడదట. మేనమామ ఒళ్లో కూర్చోబెట్టుకోవాలట. మేనమామ అనిలే. కొత్త పంచె కట్టుకున్నాడు, దాన్నిండా నా కప్పు తాలూకు బొచ్చు. నవ్వడం లేదు. అది చూసి నాకు భయమేసింది.
“ఇంతమందికి గుండు చేసినా గానీ శెట్టిగారూ, ఇంత కుదురుగా కదలకుండా ఉన్నోణ్ని చూడలేదు” అన్నాడు సెలూన్ కొండయ్య. నేను నేర్పలేకపోయింది అదే.
అరుద్దామని నోరు తెరిచాను. అమ్మ చేతిలో గంధం కలిపిన వెండిగిన్నె కనబడింది. మా పెళ్లయిన ఏడాది, మనవడి పుట్టువెంట్రుకలకని కొన్న గిన్నె. ఇన్నేళ్లూ బీరువాలోనే ఉంది. పక్కన వసుంధర పట్టుచీర కట్టుకుని, వాడికి చేత్తో పాయసం తినిపిస్తోంది.
వెళ్లి వాళ్ల పక్కన నేనూ కూర్చున్నాను. నాకూ పాయసం పెట్టారు. ఏడుపొచ్చింది. కొలంబో చేజారినందుకే అని రాసుకుంటున్నాను.

ఏప్రిల్ 13
కొలంబోకు మెయిల్ పెట్టాను. కుక్కకు ఒంట్లో బాగాలేదన్నాను. మొక్కు సంగతి ఇంగ్లీషులో చెప్పడం నా వల్ల కాలేదు.

మే 1
కొత్త నిర్ణయం. వచ్చే ఏడాది బ్యాంకాక్! అప్పటికి బొచ్చు వచ్చేస్తుంది. రేపు తెల్లారేసరికి తర్లుపాడు రోడ్డు. నెయ్యన్నం బంద్. వాడి మీద కత్తెర పడకూడదని ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి చెప్పాను.
అమ్మ బుద్ధిగా తలూపింది.
“ఇంక కత్తెరతో పనేముందిరా, పుట్టువెంట్రుకలు అయిపోయినాయి గదా” అంది. “చెవులు కుట్టించాల. అనిల్‌కు ఫోన్ చేసినా, వస్తానన్నాడు.”