పొరకో ఏడాది

బుధవారం, పొద్దున

వంతెనల పరీక్షకు వచ్చిన ఇంజనీరమ్మకు, వంతెన పక్కింటి ముసలిది చేతులు జోడించి చెప్పి రాయించేది. నేను గట్టిగానే ఉన్నాను. నువ్వూ, నీ ఇంట్లోవాళ్లూ చల్లగా ఉండాలి. ఆఫీసరమ్మను మీరు అనాలని, రాస్తున్న మనవరాలు గొణుగుతోంది. నా కూతురికన్నా చిన్నదానివి, నాకు నువ్వు అనే వస్తుంది. ఏమీ అనుకోకు తల్లీ.

ముందుగా నీకు దణ్ణం. ఇన్నేళ్లలో వచ్చిన ఆఫీసర్లంతా పైనుంచి తొంగి చూసి, తెల్లగా ఉంది, భేషుగ్గా ఉంది అని రాసుకుని పోయారు. నువ్వు ప్యాంటు మోకాళ్లదాకా మడిచి నీళ్లలో దిగావు. మూడో స్తంభం చూడకుండా పోయావంటే నీ జీపుకు అడ్డం పడుకుంటానని ఒడ్డున నిలబడి అరిచాను. ఇంకొకరైతే ఈ ముసలిదానికి నోరెక్కువ అనేవారు. నువ్వు నవ్వి, అయితే నువ్వూ దిగు అవ్వా, చూపించు అన్నావు. నీ భుజం పట్టుకుని దిగాను.

నీ సుత్తితో రెండు దెబ్బలు వేసేసరికి సున్నం పెళ్లలుగా ఊడి, నా అరచెయ్యి దూరేంత పగులు బయటపడింది. ఒక పెళ్లను తిప్పి చూసి పొరలు లెక్కపెట్టావు. ఆనక నా గోళ్లలో ఇరుక్కున్న తెలుపు వంక చూశావు. ఏమీ అడగలేదు. అది నేను చచ్చేదాకా మరిచిపోను.

బాగుచేయాల్సినవాటిలో మా వంతెననే మొదట రాశావట. మీ పై ఆఫీసు కొర్రీ వేసిందని వార్డు మెంబరు చెప్పాడు. ఏళ్ల తరబడి అరిగినవాటికే ఈ నిధులట. రెండేళ్ల కిందటి కాగితాల్లో లేదు గనక మా పగులు కొత్తదట, ఏ లారీయో గుద్ది ఉంటుందట. పాతదని సాక్ష్యం చూపకపోతే అబద్ధం రాశావని నీ మీదికే వస్తుందట. ఆ మాట అన్నవాడి నోట్లో ఇంత సున్నం కొట్టాలి. వద్దు అవ్వా అంటోంది మనవరాలు. రాయమన్నాను.

వానలు రాకముందే పని మొదలవ్వాలి. నువ్వు చల్లగా ఉండాలి.

ఇట్లు,
నీ భుజం పట్టుకుని నీళ్లలో దిగిన అవ్వ
(ఎడమ బొటనవేలి ముద్ర)

తా.క.: సాక్ష్యం నేనే. ఆ పగులు పూడ్చింది నేనే. ఇళ్లకు సున్నాలు వేసి బతికినదాన్ని, పగులు కనబడకుండా పూయడం నాకు వచ్చిన పని. పదకొండేళ్ల కిందట ఆరేళ్ల మనవరాలు అది చూసి, వంతెన కూలిపోతుంది, బడికి పోనని మొండికేసింది. పూసేసి, చూడవే, మానిపోయింది అన్నాను. నమ్మి వెళ్లింది. అప్పటినుంచి ప్రతి ఎండాకాలం ఒక పొర. మొదటి ఏడాది పిడికెడు సున్నం పట్టింది. ఈ ఏడాది బకెట్టు పోసినా నిండలేదు. భయమేసింది, అందుకే నీ మీద అరిచాను. నువ్వు లెక్కపెట్టిన పొరలు, మొదటిదీ ఈ ఏటిదీ కలిపి, పన్నెండు ఉండాలి. ఈ కాగితం వాళ్లకు చూపించు. నా మీద కేసు పెడితే పెట్టుకోనీ, వస్తాను.

ఇది రాస్తున్నది ఆ పిల్లే. సంగతి ఇప్పుడే తెలిసి కలం కింద పెట్టేసింది. తీసుకోవే, అది కూడా రాయవే అన్నాను.